చిలక బావుటా వెనక నలభై మంది

కాన్కూన్,
ఫిబ్రవరి 10, 1991

ఫౌస్తినా అక్కకి,

తమ్ముడు సిల్వెరియో దండాలు. ఈ ఉత్తరం బస్సు డ్రైవరు దోన్ మెలితోన్ చేతికిచ్చి పంపిస్తున్నాను. పోస్టులో వేస్తే మన ఊరి పెద్ద దోన్ ఎవెలియో చదివి, వాళ్ళావిడ చదివి, ఆ తర్వాత గానీ నీ దాకా రాదు.

ఇక్కడ అంతా మామూలే. ఎండ, సముద్రం, ఎండకి కమిలిన తెల్లవాళ్ళు. అసలు సంగతికొస్తాను. నేను పనిచేసే టూర్ల కంపెనీకి మన ఊరి అడవిలో తాతలు కట్టిన పాటిదిబ్బల మీద కన్ను పడింది. పేరున్న శిథిలాల దగ్గర జనం కాలు పెట్టడానికి లేకుండా ఉన్నారట. ఇప్పుడందరికీ ‘ఎవరూ చూడనిది’ కావాలి. అది కూడా అందరూ కలిసి చూడాలి. వారానికి మూడు బస్సులు పంపుతారట, బస్సుకి నలభై మంది. బస్సు మొత్తానికి ఒకే గైడు. ఆ గైడు ఊరి మనిషే కావాలని పట్టుబట్టి నీ పేరు చెప్పాను.

అక్కా, కోప్పడకుండా చదువు. నువ్వు ఇన్నేళ్ళుగా రోజుకో కుటుంబాన్ని వంటింట్లో కూర్చోబెట్టి, రొట్టెలు కాల్చి పెట్టి, సాయంత్రం దాకా అడవిలో తిప్పి పంపిస్తున్నావు. అది బేరం కాదు, చుట్టరికం. కంపెనీ వాళ్ళు ఒక షరతు పెట్టారు. వాళ్ళ బస్సులు మొదలయ్యాక దారి వాళ్ళ బృందాలకే. విడిగా ఎవరినీ తీసుకెళ్ళకూడదు.

ఊరు ఒప్పుకుంటే నన్ను ఆఫీసులో కుర్చీ మీద కూర్చోబెడతారు. ఒప్పుకోకపోతే మళ్ళీ హోటళ్ళ ముందు ఎండలో నిలబడి కరపత్రాలు పంచుకోవాల్సిందే. పంచినవాటిలో సగం నా కాళ్ళ దగ్గరే పడేసి పోతారు. నా వయసులో అది ఇంక నావల్ల కాదు.

ఊరి సభలో చెయ్యి ఎత్తు. నీ చెయ్యి లేస్తే మిగతావి అవే లేస్తాయి.

నీ తమ్ముడు,
సిల్వెరియో


కనాన్‌చేన్,
ఫిబ్రవరి 17

ఒరేయ్ సిల్వెరియో,

దీవెనలు తర్వాత. ముందు తిట్లు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పాటిదిబ్బలు పట్టుకెళ్ళి కంపెనీకి అప్పగించడానికి నువ్వెవడివిరా? నేను అడిగానా గైడు ఉద్యోగం? నలభై మందిని తోలడానికి నేనేమన్నా మేకలు కాస్తున్నానా?

నేనేం చేస్తానో నీకు తెలియక కాదు, ఆ కాన్కూన్ గాలికి మరిచిపోయుంటావు. వచ్చినవాళ్ళని ముందు పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, మీరెవరు, మీకేం పని, ఇంట్లో ఎవరెవరున్నారు అని అడుగుతాను. దాన్నిబట్టి దారి. సేద్యం చేసుకునేవాడైతే పాత పొలం గట్ల వైపు తీసుకెళ్తాను. పిల్లల తల్లయితే బాలింతలు ఆవిరి పట్టుకున్న గది చూపిస్తాను. మోకాళ్ళ నొప్పుల వాళ్ళని మెట్లెక్కించి చంపను. మొన్నొక ముసలాయన వచ్చాడు, తాపీ మేస్త్రీ. పొద్దుటి నుంచీ ఒక్క గోడ దగ్గరే కూర్చుని సున్నం నలిపి చూసుకుంటూ ఉండిపోయాడు. నేను పక్కన కూర్చుని బొప్పాయి కోసుకు తిన్నాను. వెళ్ళేటప్పుడు సున్నం అంటిన చేతులతోనే నా రెండు చేతులూ పట్టుకున్నాడు. దాన్ని టూరంటారు.

ఇంకో మాట. దారి మొదట్లో నిలబెట్టి, అడవిని కాచే వేల్పులకి, ఆ అడవి దొరలకి, పేరు చెప్పుకోమంటాను. పేరు చెప్పుకోకుండా లోపలికి పోయేవాడు దొంగతో సమానమని తాత మనిద్దరికీ చెవి మెలేసి నేర్పాడు. నీ నలభై మంది తలా ఒక పేరూ చెప్పుకుని, అడవి దొరలు విని, సరే రండి అనేసరికి మీ బస్సు హారన్ కొడుతుంది.

నీ కంపెనీలాంటి కంపెనీని నేను చూశాను. ఆ పేరున్న పెద్ద దిబ్బల దగ్గర ఒకడు ఈల ఊదుతున్నాడు. ఈల ఊదితే చూడాలి. మళ్ళీ ఊదితే ఫోటో. మళ్ళీ ఊదితే మరుగుదొడ్డి. నా మెడలో ఆ ఈల వేలాడదు.

చెయ్యి ఎత్తను. నీ కుర్చీ కోసం కూడా ఎత్తను.

బూడిదరంగు సీమకోడి పిల్లల్ని లేపింది. ఒకటి కుంటిది. ఇంకేం విశేషాలు లేవు. చల్లగా ఉండు.

అక్క ఫౌస్తినా


కాన్కూన్,
ఫిబ్రవరి 24

అక్కా,

నీ ఉత్తరం బస్‌స్టాండులోనే చదివాను. దోన్ మెలితోన్ నా మొహం చూసి, “ఎవరన్నా పోయారా సిల్వెరియో?” అన్నాడు. లేదు, మా అక్క బాగానే ఉంది, అందుకే ఇలా ఉన్నాను అని చెప్పాను.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటావు నువ్వు. పోనీ, ఒకటడుగుతాను, జవాబు చెప్పు. నీ వంటింట్లో కూర్చుని నీ రొట్టెలు తిని వెళ్ళినవాళ్ళలో పక్కలు సర్దే ఆడది ఒక్కతి ఉందా? గిన్నెలు తోమేవాడు ఒక్కడున్నాడా? రోజంతా ఒక్క కుటుంబం కోసమే ఒక మనిషిని పెట్టుకోవాలంటే ఎవరివల్ల అవుతుంది? నీ పద్ధతి గొప్పదే. ఆ గొప్ప చేతిలో డబ్బున్నవాడికే అందుతుంది.

మేము కరపత్రాలు పంచే ఒక హోటల్లో పక్కలు సర్దే ఎలోదియా అని ఒకామె ఉంది. తీసిమీన్ వైపు పల్లె మనిషి, మన భాషే. ఆమె రోజూ ప్రతి దిండు మీదా మా కంపెనీ కరపత్రం పెట్టాలి. దాని మీద దిబ్బ బొమ్మ ఉంటుంది. ఒక రోజు నన్నాపి అడిగింది, “దోన్ సిల్వెరియో, ఇవి మనోళ్ళే కట్టారంట గదా. మనం పోతే రానిస్తారా?” అని. ఏం చెప్పమంటావు? మా అక్క రోజుకొకళ్ళనే తీసుకెళ్తుంది, నీ వంతు వచ్చేసరికి ముసలిదానివైపోతావు అని చెప్పనా? బస్సులో ఒక సీటంటే ఆమె ఎలాగో తంటాలు పడి కూడబెట్టుకుంటుంది. అలాంటివాళ్ళకి బృందమే గతి అక్కా. బృందాన్ని మేకలన్నావు. ఎలోదియాని మేకన్నట్టే.

ఊరు వదిలి వచ్చానని నా మీద నీకు కోపం ఉంటే ఆ కోపం చూపించు. దిబ్బల వెనక దాక్కోకు.

సిల్వెరియో


కనాన్‌చేన్,
మార్చి 12

తమ్ముడూ,

ఇన్నాళ్ళు రాయకపోవడానికి కారణం నువ్వనుకున్న కోపం కాదు. నువ్వు ఊరు వదిలినందుకు నాకేం కోపం లేదు. నువ్వున్నప్పుడు మాత్రం ఏం ఉద్ధరించావు? ఆ ఎలోదియా మాటకి జవాబు వెతుక్కుంటూ ఉండిపోయాను. దొరక్కపోతే రాయను, అంతే.

ఆదివారం సభ జరిగింది. నా చెయ్యి లేవలేదు. మిగతా చేతులు లేచాయి. నా చేతి మహిమ గురించి నువ్వు గొప్పగా చెప్పావు గానీ, ఇక్కడ దోన్ ఎవెలియోకి కంపెనీ వాళ్ళు టోపీ పంపారు. అయితే ఊరు పూర్తిగా తల ఊపలేదు. ఈస్టరు తర్వాతి ఆదివారం ఒక్క బస్సు రానీ, చూసి చెబుతాం అన్నారు.

దోన్ ఎవెలియో ఆ టోపీ పెట్టుకునే కంపెనీ కాగితం చదివాడు. ‘బృందం బావుటా వెనక నడిచి వస్తుంది. ఊరివారు తగిన విధంగా ఎదురెళ్ళి, బృందాన్ని వెంటబెట్టుకుని తిప్పవలెను’ అని ఉంది అందులో. తోమాసా పిన్ని నిద్రలోంచి లేచినట్టు లేచి, “బావుటా పట్టుకొస్తున్నారా? ఎవరి మొక్కు? ఏ స్వామికి?” అంది. “కాన్కూన్ వాళ్ళ మొక్కు” అన్నాడు ఎవెలియో, మళ్ళీ చదవడం బద్ధకమై. మొక్కు మాట వినగానే సభంతా సర్దుకుని కూర్చుంది. నేను నోరు విప్పలేదు. గైడు నువ్వేనా అని నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఒక చిన్న సందేహం. బావుటా నిజంగానే ఉంటుందా? గుడ్డదా, కాగితానిదా? కర్ర ఎంత పొడుగుంటుంది? పిన్ని పూలదండ కడతానంటోంది, అందుకని.

మేము తగిన విధంగానే ఎదురొస్తాం. ఆ విషయంలో నువ్వేం దిగులు పెట్టుకోకు.

అక్క


కాన్కూన్,
మార్చి 20

బంగారు అక్కా,

నీ మనసు మారుతుందని నాకు తెలుసు! మేనేజరు సెన్యోర్ బర్రేరాకి చదివి వినిపించాను. పూలదండ మాట విని పొంగిపోయాడు.

బావుటా గుడ్డదే, పసుపు పట్టు. మధ్యలో ఆకుపచ్చ చిలక, అది కంపెనీ గుర్తు. కర్ర నా ఎత్తు ఉంటుంది. ఫాబియాన్ అనే కుర్రాడు పట్టుకుంటాడు. నువ్వు ముందు నడిచి చెప్పు, చాలు. గంటలోపు దిబ్బలు, తర్వాత బట్టల దుకాణం, తర్వాత ఈత. సీట్లు మిగిలాయని హోటల్ పనివాళ్ళకి కొన్నిచ్చారు. ఎలోదియా వస్తోంది. నేనూ వస్తున్నాను. కొత్త చొక్కా ఇచ్చారు, దాని మీద కూడా చిలకే.

నీ సిల్వెరియో


కాన్కూన్,
ఏప్రిల్ 9

ఫౌస్తినాకి,

అక్క అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

బస్సు ఇంకా ఆగలేదు, తారాజువ్వలు లేచాయి. ముందు సీటులో పెద్దావిడ తుపాకులనుకుని సీటు కిందికి దూరింది. దిగేసరికి మేళం. ఊరి ఆడవాళ్ళంతా పూల కుట్టు గౌన్లు వేసుకుని, చేతుల్లో కొవ్వొత్తులు పట్టుకుని రెండు వరసల్లో నిలబడ్డారు. తోమాసా పిన్ని సరాసరి వచ్చి ఫాబియాన్ చేతిలో బావుటా అందుకుని, చిలకని ముద్దు పెట్టుకుని, దండ వేసి గుడిలోకి తీసుకుపోయి స్వామి పక్కన నిలబెట్టేసింది! ఫాబియాన్ వెనకాలే పరిగెత్తాడు. “మొక్కు తీరేదాకా బావుటా కదలకూడదు బాబూ, కూర్చో” అని వాడికి మొక్కజొన్న జావ చేతిలో పెట్టారు.

బావుటా లేకపోతే ఎవరి వెనక నడవాలో ఆ నలభై మందికి తెలియదు. అప్పుడు దోన్ ఎవెలియో కుర్చీ ఎక్కి, జాతరకి పక్క ఊళ్ళ మొక్కు బృందాలొచ్చినప్పుడు పంచినట్టు, వాళ్ళని ఇంటికింతమందని పంచేశాడు. నువ్వు అక్కడే ఉన్నావు. రాతిబొమ్మలా నిలబడి చూశావు.

మధ్యాహ్నం నేను ఇల్లిల్లూ తిరిగాను. ఇద్దరు జర్మన్లు నూరుడురాయి దగ్గర మొక్కజొన్న నూరుతున్నారు. ఒక లెక్కల మాస్టరు వల ఉయ్యాలలో గుర్రుపెడుతున్నాడు. కంపెనీ బస్సు డ్రైవర్ని కూడా ఎవరో తీసుకుపోయి సీమకోడి నల్లకూర పెట్టారు, ఇంక హారన్ కొట్టేవాడే లేడు. కొందరు ఎప్పుడో దిబ్బలకి పోయారు, ప్రతి ఇంటివాళ్ళూ తమ అతిథిని తమ దారిన తీసుకుపోయారు. ఒకాయన తేనెపట్టుల దగ్గరే రోజంతా గడిపి అసలు దిబ్బ చూడనే లేదు. అందరూ తిరిగి చేరేసరికి పొద్దు గుంకింది. దుకాణం లేదు, ఈత లేదు.

అన్నిటికన్నా పెద్దది చెబుతాను. నన్ను కూడా పంచారు. నన్ను! దోన్ లాసారో ఇంటికి. నేను పుట్టిన ఊళ్ళో నన్ను చాప మీద కూర్చోబెట్టి, “మీది ఏ ఊరు బాబూ?” అన్నట్టు మర్యాద చేశారు. ‘బావుటాతో వచ్చినవాడు అతిథే’ అని నువ్వే అన్నావట.

సెన్యోర్ బర్రేరా కాగితం రాయించాడు, ఇందులో పెట్టాను. జరిగినదానికి క్షమించమని, ఇకమీదట ఒకే గైడు, ఒకే గంట, విడిగా ఎవరినీ తీసుకెళ్ళనని నువ్వు సంతకం పెట్టాలి. పెడితే నా ఉద్యోగం ఉంటుంది. లేకపోతే పై సోమవారం నుంచి రావద్దన్నాడు.

సంతకం పెట్టు.

సిల్వెరియో


కనాన్‌చేన్,
ఏప్రిల్ 14

సిల్వెరియో,

కాగితం తిప్పి పంపుతున్నాను. సంతకం కోసం వెతక్కు, లేదు. చెయ్యని తప్పుకి సంతకం పెట్టను. చేసినదానికి అసలే పెట్టను.

ఊరు మోసం చెయ్యలేదు. బావుటా పట్టుకుని బృందంగా వచ్చినవాళ్ళని ఇక్కడ ఇంకెలా ఎదుర్కుంటారు? తాతల నాటి నుంచీ అంతే. తోమాసా పిన్ని ఇప్పటికీ ఆ చిలక ఏ స్వామిదని అడుగుతూనే ఉంది. తెలిసి నోరు మూసుకున్నది నేనొక్కదాన్నే. ఆ మాట మీ బర్రేరాకి నా పేరు పెట్టి చెప్పు. మళ్ళీ వస్తే మళ్ళీ మూసుకుంటాను.

నువ్వు పొద్దు గుంకడం చూశావు. నేను చూసింది వేరు. నా పంతానికి ఏళ్ళ తరబడి నేనొక్కదాన్నే చేసిన పని ఆ రోజు ఊరంతా చేసింది. దోన్ లాసారోకి దిబ్బల గురించి చెప్పడం వచ్చని నాకే తెలియదు. అతని పెళ్ళాం, ఎప్పుడూ నోరెత్తనిది, ఇద్దరు అమ్మాయిలని పట్టుకుని ఏ చెట్టు పట్ట ఏ నొప్పికో చెప్పుకుంటూ పోయింది. భాష రాదు. చేతులతోనే చెప్పింది.

ఎలోదియా నా వంతుకొచ్చింది. నువ్వు ఆమె గురించి చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నాను. దారి మొదట్లో పేరు చెప్పుకోమన్నాను. మన భాషలో తన పేరు చెప్పి, వాళ్ళ నాన్న పేరు, తాత పేరు చెప్పి, ఇంకా ముందరి పేరు తెలియక ఆగిపోయింది. “ఇంతవరకే తెలుసమ్మా” అంది. చాలు, పద అన్నాను. దిబ్బ ఎక్కి కూర్చుని, “రోజూ దిండు మీద పెడతాను దీన్ని” అని నవ్వింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది. నేను పక్కన కూర్చుని బొప్పాయి కోశాను, సున్నం గోడ దగ్గర మేస్త్రీ పక్కన కోసినట్టే.

ఒంటరి యాత్ర డబ్బున్నవాడిదన్నావు. నిజమే. బృందం మేకలదన్నాను. అదీ నిజమే. దోన్ మెలితోన్ బస్సు ఆదివారాలు ఖాళీగా ఉంటుందట, మామూలు టికెట్టుకే తెస్తానంటున్నాడు. హోటళ్ళలో పక్కలు సర్దేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు, తోటపనివాళ్ళు, ఎవరొస్తే వాళ్ళని తీసుకురా. ఇంటికింతమందని పంచుకుంటాం. తిండి మాది. దారి ఎవరింటి దారి వాళ్ళది. సభలో చెప్పాను, ఈసారి నా చెయ్యే ముందు లేచింది. ఎవెలియో టోపీ తీసి చంకలో పెట్టుకుని, తనూ ఎత్తాడు.

నీ ఉద్యోగం పోతుంది. నావల్లే పోతుంది. అందుకు నాకు బాధగా ఉంది, అబద్ధం చెప్పను. బాధగా ఉందని సంతకం మాత్రం పెట్టను.

అక్క


కాన్కూన్,
ఏప్రిల్ 24

అక్కా,

సంతకం లేని కాగితం బర్రేరా బల్ల మీద పెట్టాను. “మీ అక్కకి చదువు రాదా?” అన్నాడు. “వచ్చు సార్. చదివే పెట్టలేదు” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, అనేశాను. అని ఊరుకోలేదు. “మీరు ఇంకో ఊరు చూసుకోండి. మా ఊరికి బస్సు నేను పంపుతాను” అన్నాను. చొక్కా అక్కడే విప్పి ఇచ్చేశాను. బనీనుతో ఇంటికి నడిచాను, దారంతా జనం చూశారు.

ఎలోదియా మూడు హోటళ్ళలో చెప్పింది. వచ్చే ఆదివారం మెలితోన్ బస్సు నిండిపోయింది. ఇద్దరు నిలబడి వస్తామంటున్నారు. నాకింత భయం ఎప్పుడూ వెయ్యలేదు, ఇంత నిద్రా ఎప్పుడూ పట్టలేదు.

ఒకటే అడుగుతాను. ఈసారి నన్ను ఎవరింటికి పంచుతారు? మళ్ళీ లాసారో ఇంటికేనా? ముందే చెబితే మనసు సిద్ధం చేసుకుంటాను.

సిల్వెరియో


కనాన్‌చేన్,
ఏప్రిల్ 26

పిచ్చివెధవా,

ఊరు అతిథుల్ని పంచుకుంటుంది. సొంత మనుషుల్ని పంచుకోదు. ఆ రోజు నువ్వు చిలక చొక్కా వేసుకుని బస్సు దిగావు, అందుకని చాప వేశారు.

శనివారమే వచ్చెయ్. ఒక్కడివే రా. తెల్లవారగానే బావి నుంచి నీళ్ళు తోడాలి, సీమకోళ్ళ ఈకలు పీకాలి, పొయ్యి గుంట తవ్వాలి. ఆదివారం బస్సు వచ్చేసరికి నువ్వు మాతోబాటు వరసలో నిలబడి ఎదురెళ్ళాలి.

అక్క ఫౌస్తినా